పెద్దాసుపత్రి అత్యవసర విభాగము

ఆసుపత్రిలోని ఇతర విభాగములకు వేళలు కలవు. ఉదయము చీటీలు వ్రాయుట, మధ్యాహ్నమునకు బయటి రోగుల పరీక్ష ముగియుట, సాయంకాలము బంధువులను లోనికి విడుచుట మొదలగునవి గడియారము ననుసరించి జరుగును. అత్యవసర విభాగమునకు అట్టి వేళ యేదియు లేదు. పండుగనాడును, అర్ధరాత్రమునను, తుపాను వీచు దినమునను దాని తలుపులు తెరచియే యుండును. హైదరాబాదులోని ఉస్మానియా ఆసుపత్రి గాని, విశాఖపట్టణములోని కింగ్ జార్జి ఆసుపత్రి గాని, ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ గాని, ఏ పెద్దాసుపత్రి యైనను ప్రజలు క్యాజువాల్టీ యని పిలుచు ఈ విభాగము లేనిదే నడువదు.

ఇచ్చటికి వచ్చువారు ఏదో యొక వ్యాధికి సంబంధించినవారు కారు. లారీ ఢీకొనగా గాయపడిన వ్యక్తి, గుండెనొప్పితో చెమటలు పట్టిన ఉద్యోగి, పొలమున పాము కరచిన కూలి, పురుగుమందు త్రాగిన యువకుడు, జ్వరముతో ఫిట్సు వచ్చిన పసిబిడ్డ ఒకే గంటలో ఒకే ద్వారమున ప్రవేశింపవచ్చును. వీరందరికిని సమానమైనది కాలము తక్కువగా నుండుట. వైద్యుని నేర్పు, మందుల శక్తి, యంత్రముల సహాయము ఒక పరిమిత కాలములోనే పూర్తిగా ఫలించును. ఆ కాలములో పెద్దభాగము రోగి ఆసుపత్రి గుమ్మము చేరకమునుపే గడచిపోవుట తరచుగా జరుగుచున్నది. కావున ఈ విభాగపు పని ఎట్లు సాగునో, అందు తమ పాత్ర యేమో ప్రజలు తెలిసికొనుట అవసరము.

ముందు ఎవరిని చూతురు?

రేషను దుకాణమునను, రైలు టిక్కెట్ల కిటికీ వద్దను ముందు వచ్చినవారికి ముందు అను నియమము న్యాయమైనది. అత్యవసర విభాగమున ఆ నియమము చెల్లదు. ఇచ్చట వరుసను నిర్ణయించునది రోగి స్థితి. ఈ నిర్ణయమును వైద్యులు ట్రయాజ్ అందురు. అది ఫ్రెంచి పదము. ఏరుట, వింగడించుట యని దాని యర్థము. నెపోలియను సేనలలో శస్త్రవైద్యుడైన డొమినిక్ జాన్ లారే (1766-1842) గాయపడిన సైనికులను వారి హోదాను బట్టి గాక గాయముల తీవ్రతను బట్టి చూడవలెనని పట్టుబట్టెను. యుద్ధభూమి నుండి వారిని త్వరగా తరలించుటకు గుఱ్ఱపు బండ్లను కూడ ఏర్పరచెను. నేటి అంబులెన్సుకును, నేటి వింగడింపునకును మూలము అచ్చటనే కలదు.

రోగి రాగానే ద్వారము చెంత నున్న నర్సు గాని, వైద్యుడు గాని అతని నాడిని, శ్వాసను, రక్తపోటును, స్పృహను పరీక్షింతురు. వ్రేలికి తగిలించు చిన్న పరికరముతో రక్తమునందలి ఆక్సిజను శాతమును చూతురు. ఇదంతయు కొద్ది నిమిషముల పని. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో రోగులను ఎరుపు, పసుపు, ఆకుపచ్చ యను మూడు వర్గములుగా విభజింతురు. ప్రాణాపాయము సమీపించినవారు ఎరుపు వర్గమునకు చెందుదురు. వారికి ఆ క్షణముననే చికిత్స మొదలగును. స్థితి విషమింపగల అవకాశ మున్నవారు పసుపు. వేచియున్నను హాని లేనివారు ఆకుపచ్చ.

ఈ పద్ధతి సామాన్యుని కంటికి ఒక్కొక్కప్పుడు అన్యాయముగా తోచును. మణికట్టు విరిగిన యువకుడు బాధతో కేకలు వేయుచుండును. అతని తరువాత వచ్చిన నడివయస్సు స్త్రీ ఒకతె మాటలాడక, నుదుట చెమటతో, కడుపు పైభాగమున మంటగా నున్నదని మాత్రము చెప్పును. లోనికి ముందుగా పోవునది ఆమెయే. విరిగిన చేయి గంటసేపు ఆగగలదు. ఆమె మంట గుండెపోటు కావచ్చును. స్త్రీలలోను, మధుమేహము గలవారిలోను గుండెపోటు ఛాతీనొప్పి లేకుండ, ఆయాసముగనో, నీరసముగనో కనబడుట కద్దు. కేకలు వేయగలవాని శ్వాసమార్గము తెరచియున్నదని ఆ కేకలే తెలుపును. నిశ్శబ్దముగా నున్న రోగిని వైద్యులు ఎక్కువ అనుమానముతో చూతురు.

వింగడింపు ఒకసారితో ముగియదు. ఆకుపచ్చ వర్గమున కూర్చున్నవాడు అరగంటకు సొమ్మసిల్లవచ్చును. అందుచే వేచియున్నవారిని నర్సులు మరల మరల చూచుచుందురు. రోగి స్థితిలో మార్పు కనబడినచో వెంటనే సిబ్బందికి తెలుపుట తోడు వచ్చినవారి విధి.

బస్సు లోయలో పడి ఒక్కసారిగా అనేకులు వచ్చినపుడు ఈ లెక్క మారును. మామూలు దినములలో అందరికంటె అపాయములో నున్నవానికే సర్వశక్తులు వినియోగింతురు. చేతులు చాలని దినమున, ఉన్న సిబ్బందితో ఎక్కువమందిని బ్రతికించుటయే లక్ష్యమగును. వైద్యవృత్తిలో ఇంతకంటె కఠినమైన నిర్ణయములు అరుదు.

గాయపడినవానికి మొదటి నిమిషములు

2022వ సంవత్సరములో మన దేశమున 4,61,312 రోడ్డు ప్రమాదములు జరిగెను. అందు 1,68,491 మంది మరణించిరి. 4,43,366 మంది గాయపడిరి. ఇట్టి క్షతగాత్రుడు వచ్చినపుడు చూచువారి దృష్టి విరిగిన కాలిపై పడును. వైద్యుని దృష్టి అచ్చటికి చివరగా పోవును. మొదట శ్వాసమార్గము తెరచియున్నదా, రెండవది ఊపిరి సరిగా ఆడుచున్నదా, మూడవది రక్తము పోవుచున్నదా, నాలుగవది మెదడు పనిచేయుచున్నదా, ఐదవది దుస్తుల మాటున వేరు గాయములున్నవా యని వరుసగా పరీక్షింతురు. ఏది ముందు ప్రాణము తీయునో దానిని ముందు సరిచేయుటయే ఈ క్రమము.

ఈ క్రమము లోకమంతట వ్యాపించుటకు ఒక దుర్ఘటన కారణమైనది. 1976లో అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రమున జేమ్స్ స్టైనర్ అను ఎముకల వైద్యుడు తానే నడుపుచున్న చిన్న విమానము కూలిపోగా భార్యను కోల్పోయెను. బిడ్డలతో సహా అతడును గాయపడెను. దగ్గరి ఆసుపత్రిలో వారికి జరిగిన చికిత్స సక్రమముగా లేదని అతడు గ్రహించెను. క్షతగాత్రులను పరీక్షించుటకు అందరు వైద్యులకును ఒకే పద్ధతి నేర్పవలెనని సహచరులతో కలిసి పూనుకొనగా 1978లో తొలి శిక్షణ తరగతి జరిగినది. నేడు మన వైద్యులు కూడ ఆ పద్ధతిలో శిక్షణ పొందుచున్నారు.

రోగి దుస్తులను కత్తెరతో కత్తిరించుటను చూచి బంధువులు నొచ్చుకొనుట కలదు. విరిగిన వెన్నును కదపకుండ శరీరమంతయు చూచుటకు వేరు మార్గము లేదు. పరీక్ష కాగానే దుప్పటి కప్పుదురు. శరీరము చల్లబడినచో రక్తము గడ్డకట్టు శక్తి తగ్గును; రక్తస్రావము ఆగదు. ట్రానెక్సమిక్ ఆమ్లము అను చౌకయైన మందు గాయము తగిలిన మూడు గంటలలో ఇచ్చినచో రక్తస్రావ మరణములు తగ్గునని 40 దేశములలో 20,000 మందికి పైగా రోగులపై జరిపిన పరిశోధన నిరూపించినది. ఆ మూడు గంటలు దాటిన పిమ్మట ఇచ్చినచో మేలు కలుగదు. మందు అదియే, రోగి అతడే. ఫలితమును మార్చునది ఆలస్యము.

గుండె, మెదడు

గుండెపోటు అనుమానమున్న రోగికి వచ్చిన పది నిమిషములలో ఇ.సి.జి. తీయవలెనన్నది వైద్యలోకము అంగీకరించిన నియమము. గుండెకు రక్తము నందించు నాళము గడ్డచే మూసికొనినచో ఆ గడ్డను మందుతో కరగించుటయో, యాంజియోప్లాస్టీ ద్వారా నాళమును తెరచుటయో చేయుదురు. ఎంత త్వరగా జరిగిన అంత గుండె కండరము దక్కును. గ్యాసు నొప్పి యని తలంచి రాత్రియంతయు సోడా త్రాగుచు గడపి ఉదయమున వచ్చువారు ఆ లాభమును చాలవరకు పోగొట్టుకొందురు.

పక్షవాతమునందు కాలము ఇంకను విలువైనది. మెదడు నాళము మూసికొనినపుడు నిమిషమునకు సుమారు 19 లక్షల నాడీకణములు నశించునని 2006లో ఒక అమెరికను వైద్యుడు లెక్క కట్టెను. మూతి ఒకవైపు వంకర పోవుట, ఒక చేయి పడిపోవుట, మాట తడబడుట దీని ముఖ్య లక్షణములు. వైద్యుడు తప్పక అడుగు ప్రశ్న యొకటి కలదు: రోగి చివరిసారిగా మామూలుగా నున్నది ఎప్పుడు? గడ్డను కరగించు మందు సాధారణముగా ఆ వేళ నుండి నాలుగున్నర గంటల లోపలనే ఇయ్యదగినది. దానికి ముందు సి.టి. స్కాను తీసి మెదడులో రక్తస్రావము లేదని నిశ్చయించుకొనవలెను. రక్తస్రావమున్నవానికి ఆ మందు ప్రాణాంతకము. చెట్టుమందుకో, పావురపు రక్తపు మర్దనకో తీసికొనిపోయి సగము దినము గడపినచో ఆ అవకాశము మరల రాదు.

పాముకాటు, పురుగుమందు

ఈ రెండును వ్యవసాయదేశమైన మనకు ప్రత్యేకమైన కష్టములు. 2000 నుండి 2019 వరకు మన దేశమున ఏటా సగటున 58,000 మంది పాముకాటుచే మరణించిరని 2020లో ప్రకటితమైన ఒక అధ్యయనము అంచనా వేసినది. 2030 నాటికి ఈ మరణములను సగమునకు తగ్గింపవలెనని కేంద్ర ప్రభుత్వము 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించినది.

నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, రంపపు పళ్లవంటి పొలుసులు గల చిన్న పింజరి అను నాలుగింటి విషమునకును ఒకే విరుగుడు మందు పనిచేయును. కావున పామును వెదకి చంపి తెచ్చుటకై కాలము వ్యర్థము చేయనక్కరలేదు. పింజరి విషము రక్తమును గడ్డకట్టనీయదు. దానిని కనుగొనుటకు గొప్ప యంత్రము అవసరము లేదు. శుభ్రమైన, పొడి గాజు నాళికలో రెండు మిల్లీలీటర్ల రక్తము తీసి 20 నిమిషములు కదపక ఉంచి, పిమ్మట వంచి చూతురు. రక్తము ద్రవముగానే యున్నచో విషమెక్కినదని తేలును. కట్లపాము తరచుగా నేలపై నిద్రించువారిని రాత్రివేళ కరచును. కాటు నొప్పి అంతగా తెలియదు. తెల్లవారునప్పటికి రెప్పలు వాలి, మింగుట కష్టమై, ఊపిరి ఆగు స్థితి వచ్చును. అట్టివానిని వెంటిలేటరు సహాయమున నిలబెట్టినచో అనేకులు పూర్తిగా కోలుకొందురు. విరుగుడు మందు మోతాదు విషమును బట్టి గాని శరీరపు బరువును బట్టి కాదు. బిడ్డకును పెద్దకును ఒకే మోతాదు.

పురుగుమందు త్రాగినవానిని తెచ్చినపుడు సిబ్బంది చేతితొడుగులు ధరించి, అతని దుస్తులు తొలగించి, శరీరమును కడుగుదురు. విషము చర్మము గుండ కూడ లోనికి పోవును. ఆర్గానో ఫాస్ఫరస్ జాతి మందులచే కంటిపాప సూదిమొనయంత యగును. నోట నురుగు, ఊపిరితిత్తులలో నీరు చేరును. విరుగుడైన అట్రోపినును ఇచ్చి, ఐదు నిమిషముల కొకమారు ఊపిరితిత్తులను విని, తడి శబ్దము పోవువరకు మోతాదును రెట్టింపు చేయుచు పోవుదురు. ఒక వైద్యుడును, ఒక నర్సును మంచము విడువక చేయవలసిన పని యిది.

ఇట్టి రోగి బంధువులు పోలీసు కేసునకును, లోకనిందకును వెఱచి, పొలమున మందు చల్లుచుండగా పడిపోయెనని చెప్పుట కలదు. ఆ అబద్ధముచే వైద్యుడు విషపు మోతాదును తక్కువగా అంచనా వేయు ప్రమాదమున్నది. ఆత్మహత్యకు యత్నించినవాడు తీవ్ర మానసిక ఒత్తిడిలో నుండెనని భావింపవలెనే గాని శిక్షింపరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య పరిరక్షణ చట్టము చెప్పుచున్నది. నిజము చెప్పి, మందు డబ్బాను వెంట తెచ్చుటయే రోగికి చేయదగిన గొప్ప ఉపకారము. అట్టి బాధలో నున్నవారితో మాటలాడుటకు 14416 అను నంబరుతో టెలి మానస్ సేవ 2022 అక్టోబరు 10 నుండి నడచుచున్నది.

విభాగమును నడుపువారు

పూర్వము క్యాజువాల్టీలో చిన్న డాక్టరు ఒకరు కూర్చుండి, ఏ రోగి వచ్చిన ఆ శాఖ నిపుణుని పిలిపించుట వాడుక. అత్యవసర వైద్యమును ప్రత్యేక శాఖగా భారత వైద్య మండలి 2009లో గుర్తించిన పిమ్మట ఈ పనికే శిక్షణ పొందిన వైద్యులు తయారగుచున్నారు.

వైద్యుడు ఒక్కడే ఈ పనిని సాగింపలేడు. స్ట్రెచరు త్రోయు వార్డుబాయి ఆలస్యము చేసిన స్కాను ఆలస్యమగును. రక్తనిధి ఉద్యోగి రాత్రి మూడు గంటలకు రక్తపు సరిపోలిక చూడవలెను. రక్తము చిందిన నేలను పారిశుధ్య సిబ్బంది తక్షణమే శుభ్రపరుపవలెను. తరువాతి రోగి ద్వారము వద్ద సిద్ధముగా నుండును. పేరు ఊరు తెలియని రోగిని సుమారు నలువదేండ్ల అపరిచిత పురుషుడు అని వ్రాసికొని చికిత్స చేయుదురు. అతని జేబులోని వస్తువులను పట్టిక వ్రాసి భద్రపరతురు. అవుట్‌పోస్టులోని పోలీసు ఉద్యోగి అతని వారికొఱకు విచారణ సాగించును.

విభాగము కిక్కిరిసియుండుటకు కారణము ముందు ద్వారమున వచ్చువారి సంఖ్య మాత్రమే కాదు. చికిత్స మొదలైన రోగిని పై వార్డునకు పంపుటకు పడక ఖాళీ కానిచో అతడు స్ట్రెచరుపైననే యుండిపోవును. క్రొత్తవానికి చోటు దొరకదు. రోగి ఒక్కనికి నలుగురైదుగురు బంధువులు చుట్టు నిలిచినపుడు నర్సు చేయి నరమునకు అందదు. ఒక్క రోగికి ఒక్క తోడు అను నియమమును పాటించుట వలన ఖర్చులేకుండ విభాగపు శక్తి పెరుగును.

చట్టము ఏమి చెప్పుచున్నది?

స్కూటరుపై పోవుచున్న ఒక వ్యక్తిని కారు ఢీకొనగా, దగ్గరి ఆసుపత్రివారు పోలీసు కేసులు తాము చూడమని, సుమారు 20 కిలోమీటర్ల దూరమున నున్న మరియొక ఆసుపత్రికి పంపిరి. అతడు త్రోవలోనే మరణించెను. ఈ వార్త ఆధారముగా దాఖలైన వ్యాజ్యములో సుప్రీం కోర్టు 1989 ఆగష్టు 28న తీర్పు చెప్పుచు, ప్రాణరక్షణకు మించిన పోలీసు విధి యేదియు లేదనియు, ప్రభుత్వ వైద్యుడైనను ప్రైవేటు వైద్యుడైనను ముందు చికిత్స చేయవలెననియు నిర్ణయించినది. 1992లో బెంగాలులో రైలు నుండి పడి తలకు గాయమైన ఒక వ్యవసాయ కూలీని పడకలు లేవని పలు ప్రభుత్వ ఆసుపత్రులు త్రిప్పి పంపెను. 1996లో ఆ కేసులో కోర్టు, సకాలమున అత్యవసర చికిత్స నందింపకపోవుట జీవించు హక్కును భంగపరచుటయే యని ప్రకటించి పరిహారము నిప్పించినది.

దారినపోవువారిని ఆపివేయునది సాక్ష్యము చెప్పవలసి వచ్చునను భయము. ఆ భయమునకు ఇప్పుడు తావు లేదు. 2016లో సుప్రీం కోర్టు సహాయకులను రక్షించు మార్గదర్శకములను ధ్రువపరచినది. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టపు 134ఏ సెక్షను ప్రకారము, సద్బుద్ధితో క్షతగాత్రునకు సాయపడినవానిపై సివిలు గాని క్రిమినలు గాని చర్య ఉండదు. అతడు ఇష్టపడనిచో తన పేరు, చిరునామా చెప్పనక్కరలేదు. రోడ్డు ప్రమాద బాధితునకు ఏడు దినముల వరకు లక్షా ఏబదివేల రూపాయలకు మించకుండ నగదు చెల్లింపు లేని చికిత్స నందించు పథకమును కేంద్ర ప్రభుత్వము 2025 మే నెలలో ప్రకటించినది.

ప్రజలు చేయదగినది

2005 ఆగష్టు 15న హైదరాబాదులో ఆరంభమైన 108 అంబులెన్సు సేవ నేడు పలు రాష్ట్రములలో కలదు. 112 అను నంబరునకు కూడ ఫోను చేయవచ్చును. ఫోను చేసినపుడు స్థలమును, దగ్గరి గుర్తును, రోగుల సంఖ్యను స్పష్టముగా చెప్పి, అవతలివారు చాలునను వరకు ఫోను పెట్టివేయరాదు.

రక్తము కారుచున్నచోట శుభ్రమైన గుడ్డ నుంచి విడువక గట్టిగా అదుమవలెను. స్పృహలేనివాని నోట నీరు పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోవును. ఊపిరాడుచున్నచో, మెడకు దెబ్బ తగిలినదను అనుమానము లేనియెడల, ప్రక్కకు ఒత్తిగిలి పరుండబెట్టవలెను. ఊపిరి లేక కదలక పడియున్నవాని రొమ్ము నడుమ రెండు అరచేతులు నుంచి నిమిషమునకు 100 నుండి 120 సార్లు, ఐదు సెంటీమీటర్లకు తగ్గకుండ అదుముచు, సహాయము వచ్చువరకు ఆపరాదు. పాము కరచినచోట కోయుట, పీల్చుట, త్రాడు బిగించుట తగదు. ఆ అవయవమును విరిగిన చేతివలె కదలకుండ నుంచి తీసికొనిరావలెను. విషము త్రాగినవానిచే ఉప్పునీటితో వాంతి చేయింపరాదు. కాలినచోట 20 నిమిషములు చల్లని కుళాయి నీరు పారనిచ్చి, సిరా, పేడ, టూత్‌పేస్టు పూయక తీసికొనిరావలెను.

ఆసుపత్రికి వచ్చునపుడు రోగి వాడుచున్న మందులను, పాత చీటీలను వెంట తెచ్చుట మంచిది. ఏమి జరిగినది, ఎన్ని గంటలకు జరిగినది అను రెండు విషయములు తెలిసిన వ్యక్తి రోగి వెంట ఉండవలెను. తన వంతు రాలేదని కోపము కలిగినపుడు, లోపల ఆ నిమిషమున ఎవరి ఊపిరియో నిలుపుటకు యత్నము జరుగుచున్నదని తలంపవలెను. నేడు ఆగిన కుటుంబమునకు రేపు అదే నియమము ముందుగా లోనికి త్రోవ ఇచ్చును.